శంకుస్థాపన తర్వాత

1929 వేసవిలో గాంధీజీ ఆంధ్రదేశానికి వచ్చింది ఉపన్యాసాలు ఇవ్వడానికే కాదు, డబ్బు పుచ్చుకోవడానికి కూడా. అసలు పని రెండోదే. ఏప్రిల్, మే నెలల మండుటెండల్లో ఊరూరా తిరిగి ఖద్దరు నిధికి చందాలు పోగుచేశారు. ఆ విద్యలో ఆయన్ని మించినవాళ్లు లేరు. సన్మానపత్రం చదివి చేతిలో పెడితే, దానికి కట్టించిన చట్రాన్ని అదే వేదిక మీద వేలం వేసేవారు. దర్శనానికి వచ్చిన ఆడవాళ్లను ఒంటిమీది నగలు ఇమ్మని మొహమాటం లేకుండా అడిగేవారు. వాళ్లూ ఇచ్చేవారు. అలాంటి మనిషి చేత వేటపాలెం వాళ్లు తమ గ్రంథాలయానికి, సారస్వత నికేతనానికి, శంకుస్థాపన చేయించుకున్నారు.

ఇందులో భక్తి ఎంత ఉందో లెక్కా అంతే ఉంది. ఏ జమీందారో వచ్చి రాయి వేస్తే, ఇక ఖర్చంతా ఆయనదేనని ఊరు చేతులు దులుపుకుంటుంది. గాంధీజీ రాయి వేస్తే ఆయన దగ్గర పైసా ఉండదని అందరికీ తెలుసు కాబట్టి, మిగతా ఖర్చు ఊరిదే అవుతుంది. అంతకు ఐదేళ్ల ముందు, 1924లో, ఇదే సంస్థ పిలుపు మీద జమ్నాలాల్ బజాజ్ వచ్చారు. కాంగ్రెస్ డబ్బు సంచీ ఆయన చేతిలో ఉండేది. దేశంలో చందాల మర్మం బాగా తెలిసిన ఇద్దరూ ఒక పల్లెటూరి గ్రంథాలయం గుమ్మం తొక్కారన్నమాట. పిలిచిన కుర్రాళ్లు అమాయకులు కారు.

వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే దారిలో చీరాల దాటగానే వస్తుంది. చూస్తూ ఉండగానే స్టేషను వెనక్కి పోతుంది. ఇసుక నేల, దగ్గర్లోనే సముద్రం. ఊరికి రెండు బతుకుదెరువులు: మగ్గం, జీడిపప్పు. జీడిపప్పు పని చూసినవాళ్లకి తెలుసు, అది ఎంత ఓపిక గల పనో. గింజను ఒక్కొక్కటిగా పగలగొట్టాలి. డొల్లలోంచి కారే జీడి ఒంటికి తగిలితే పొక్కుతుంది, అందుకని చేతులకు బూడిదో నూనో రాసుకుని ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. పప్పు విరగకుండా బయటకు రావాలి, ఆపైన పొట్టు తీయాలి, తర్వాత గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేయాలి. గుండుకీ బద్దకీ ధరలో తేడా ఎంతో పసిపిల్లలకి కూడా తెలిసిన ఊరు ఇది. ఇలాంటి ఊళ్లో చందా అడిగితే జనం ఇస్తారు కానీ, లెక్క కూడా అడుగుతారు. నూరేళ్లు దాటి ఒక గ్రంథాలయం ఇక్కడ నిలబడడానికి ఆ లెక్క అడిగే గుణమూ ఒక కారణమని నా అనుమానం.

మొదలైంది 1918లో. మొదటి ప్రపంచ యుద్ధం ముగింపుకొస్తున్న ఏడాది, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను మంచం పట్టించిన ఏడాది. హిందూ యువజన సంఘం పేరిట చేరిన కుర్రాళ్లు, ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి ముందు నడవగా, పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. వాళ్లకి ఆ ఊపు గాలిలోంచి రాలేదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయాల ప్రతినిధులంతా సభ చేశారు. అయ్యంకి వెంకటరమణయ్య ఆ గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకుని తిరుగుతున్నారు. మరుసటేడు నుంచి ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక వస్తోంది. గ్రంథాలయం పెట్టడం అప్పటి కుర్రాళ్లకి ఇప్పటి క్రికెట్ జట్టు కట్టడం లాంటిది: పదిమంది స్నేహితులు, ఒక గది, కాస్త పోటీ తత్వం ఉంటే చాలు.

వేటపాలేనికి ఇంకో పాఠశాల పక్కనే ఉంది. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి సర్కారు మునిసిపాలిటీ చేసింది. పన్నులు మా వల్ల కాదని జనం మొరపెట్టుకుంటే వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఊరంతా ఇళ్లు ఖాళీ చేసి, మునిసిపల్ పొలిమేర అవతల పాకలు వేసుకుని, రామనగరం అని పేరు పెట్టుకుని, పదకొండు నెలలు ఎండా వానా భరించింది. అదే ఏడాది మార్చి ఆఖర్న బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు వసూలు చేయాలని తీర్మానించింది. అంటే ఒకే ఏడు ఈ సీమ జనం పన్ను కట్టనని ఇల్లు విడిచారు, చందా కట్టమంటే ముడుపు విప్పారు. రెండూ జేబులోంచి పోయే డబ్బే. పన్ను రసీదు మాత్రం ఎవరూ నలుగురిలో చదవరు. చందా రసీదు చదువుతారు.

మొదటి సంతకం

చందా పుస్తకం చేతబట్టి కొట్టు కొట్టూ తిరిగినవాళ్లని అడగండి, ఒకే మాట చెప్తారు: మొదటి పేజీలో మొదటి సంతకం ఎవరిదన్నదే ముఖ్యం. ఊళ్లో పెద్ద వ్యాపారి వెయ్యి నూటపదహార్లు రాస్తే రెండోవాడు అయిదు వందల నూటపదహార్లకు తగ్గలేడు. అదే ఆ పెద్దాయన మొహమాటానికి నూటపదహార్లు రాశాడా, అందరూ యాభై ఒకటికి దిగిపోతారు. అందుకని నడుస్తున్న గ్రంథాలయాల కార్యదర్శులు మొదటి సంతకం కోసం వారాల తరబడి మాటువేస్తారు. ఆయన మనవడి పుట్టినరోజు ఎప్పుడు, కొత్త షాపు ఎప్పుడు తెరుస్తాడు, వియ్యంకుడికీ ఆయనకీ మధ్య పోటీ ఎంతవరకు వచ్చింది, అన్నీ తెలుసుకుంటారు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ వెళ్లాలి. అప్పటికి గల్లాపెట్టెలో రొక్కం ఉంటుంది, బేరాలు కాస్త పల్చబడతాయి. పొద్దున్నే వెళ్తే బోణీ కాలేదంటారు.

“ఏం మాస్టారూ, మళ్లీ వచ్చారు? పోయినేడేగా ఇచ్చాం.”

“పోయినేడుది బీరువాకి బాబూ. ఇది వార్షికోత్సవానికి.”

“పక్కకొట్టు బాబాయి ఎంత రాశాడు?”

ఈ మూడో ప్రశ్న వచ్చిందంటే చందా వచ్చినట్టే. మాస్టారు మాట్లాడకుండా పుస్తకం తిప్పి చూపిస్తారు. ఎంత రాశారో నోటితో చెప్పకూడదు, కళ్లతో చదవనివ్వాలి. ఆ తర్వాత రసీదు. కార్బన్ పెట్టి రాయాలి, కౌంటర్‌ఫాయిలు ఉండాలి, సంస్థ ముద్ర పడాలి. ముద్ర సరిగ్గా పడకపోతే మళ్లీ వేయాలి. రసీదు ఇవ్వకుండా తీసుకున్న పది రూపాయలు, ఏడాది తిరిగేసరికి పదివేల రూపాయల పుకారు అవుతుంది. మన ఊళ్లలో మూతపడిన గ్రంథాలయాల్లో చాలావాటిని చెదపురుగుల కన్నా ముందు ఇలాంటి పుకార్లే తినేశాయి.

హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కథ కొంచెం వేరు. 1901 సెప్టెంబరు ఒకటిన రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు వంటివాళ్లు వెనక ఉన్నారు. అక్కడ మొదటి సంతకం కోసం మాటువేయక్కర్లేదు, ఆ సంతకం పెట్టగలవాళ్లే సంస్థ పెట్టారు. రావిచెట్టు రంగారావు చిన్నవయసులోనే పోతే, భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం సొంత గూటికి దారి తీసింది. ఉద్యమ చరిత్రల్లో ఆమెకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే. ఉపన్యాసాలిచ్చినవాళ్లకి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఈ అన్యాయం హైదరాబాద్‌కే పరిమితం కాదు.

పాట ఉంటేనే పైసా

గ్రంథాలయం అంటే నిశ్శబ్దం పాటించవలెను అన్న బోర్డు గుర్తొస్తుంది మనకి. తెలుగు గ్రంథాలయాలు పుట్టి పెరిగింది మాత్రం చప్పుడులోనే. ఉద్యమం రోజుల్లో గ్రంథాలయ యాత్రలు జరిగేవి. ఒక ఊరి గ్రంథాలయం నుంచి ఇంకో ఊరి గ్రంథాలయానికి జట్టుగా, పాడుకుంటూ, దారిలో సభలు పెడుతూ వెళ్లేవారు. కృష్ణా కాలవల మీద పడవల్లో పుస్తకాలు తిరిగాయి. పెదవడ్లపూడి సేవాశ్రమం నుంచి పాతూరి నాగభూషణం 1935లో నడిపిన పడవ గ్రంథాలయం అందులో పేరుపడింది. అక్షరం రానివాళ్లే ఎక్కువున్న రోజులవి. పుస్తకం ఇచ్చి చదువుకోమంటే ఎవరు చదువుతారు? హరికథ పెడితే ఊరంతా వస్తుంది. వచ్చినవాళ్లలో పదిమంది మర్నాడు గుమ్మం దగ్గర తచ్చాడతారు, ఒకడు లోపలికొస్తాడు. ఆ ఒక్కడి కోసమే హరికథ.

వార్షికోత్సవానికి అవధానం ఉంటే సరే సరి. పృచ్ఛకులుగా కూర్చోవడానికి ఊళ్లో పంతుళ్ల మధ్య పోటీ, అప్రస్తుత ప్రసంగానికి మాత్రం ఊళ్లో అందరికన్నా కొంటెవాణ్ణి వెతకాలి. పద్యనాటకం అయితే ఇంక అది వసూళ్ల పండగ. బాపట్ల ఈ ప్రాంతానికి కూతవేటు దూరం, స్థానం నరసింహారావు ఊరు. సత్యభామ వేషంలో ఆయన్ని చూడ్డానికి బళ్లు కట్టుకుని వెళ్లిన తరం పుణ్యాన, నాటకం టిక్కెట్టు కొనడం ఇక్కడివాళ్లకి సిగ్గుపడాల్సిన ఖర్చు కాలేదు. బళ్లారి రాఘవ లాంటి మహానటుడు నాటకాన్ని సంపాదన మార్గంగా చూడకుండా సత్కార్యాల కోసం ఆడారు. అసలు సహాయార్థ ప్రదర్శన అన్నదే మన నాటకరంగానికి ఒక ప్రాణవాయువు. బడికి, గుడికి, వరద బాధితులకు, గ్రంథాలయానికి, అన్నిటికీ ముఖానికి రంగు పూసుకున్నారు.

టిక్కెట్టు డబ్బు సగమే. మిగతాది నాటకం మధ్యలో వచ్చేది. కృష్ణుడి వేషగాడు రాగం తీసి తీసి ఒక పద్యం ముగించగానే జనంలోంచి ‘వన్స్ మోర్’ అంటారు. ఆ సందులో మైకు దగ్గరి కుర్రాడు చీటీ అందుకుంటాడు. ఫలానా వీధి ఫలానావారు నటుడికి నూటపదహార్లు, గ్రంథాలయానికి రెండు వందల నూటపదహార్లు చదివించారహో అని ఒక కేక. కృష్ణుడు చెయ్యి ఎత్తి నమస్కరిస్తాడు. అర్జునుడు ఈ లోపల దాహం తీర్చుకుంటాడు. పేరు చదివించుకున్నాయన అటూ ఇటూ చూడడు, ఎదురుగానే చూస్తూ కూర్చుంటాడు. ఆయన భార్య మాత్రం ఆడవాళ్ల వైపు ఒకసారి చూస్తుంది. అయిదు నిమిషాలు తిరక్కుండానే ఇంకో చీటీ వస్తుంది, ఈసారి ఎదురువీధి నుంచి. కురుక్షేత్రం తెల్లవారేదాకా సాగడానికి ఇదీ ఒక కారణం.

నిజాం ఏలుబడిలో సభ అంటేనే గండం. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి లేకుండా సభ పెట్టకూడదు. అందువల్ల అక్కడ గ్రంథాలయ వార్షికోత్సవం అనే మాటకు బరువు వేరు. సాహిత్యం ముసుగులో తెలుగువాళ్లు నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి అదొక దారి. కోస్తాలో వార్షికోత్సవం పండగైతే, తెలంగాణలో అది ధైర్యం కూడా.

ఇప్పటి సంగతికొద్దాం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గులు, పాటల పోటీలు. ఈ వారం మీద నాకు గౌరవం ఉంది. ఏడాదంతా తాళం తీయని పాఠకుల గది కూడా ఆ వారం ఊడ్పుకు నోచుకుంటుంది. గౌరవంతో పాటే ఒక ఫిర్యాదూ ఉంది. పుస్తకం గురించి గుక్కతిప్పుకోకుండా మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్లకి చాలాచోట్ల ఇచ్చేది స్టీలు డబ్బా. ఎందుకంటే కొట్టువాడు డజను ధరకి ఇస్తాడు, పేరు చెక్కించొచ్చు, తల్లులు సంతోషిస్తారు. అంతా నిజమే. ఆ పిల్లకి పుస్తకం ఇస్తే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడ్డం లేదు.

ఇంకో మార్పు మరీ పెద్దది. ఒకప్పుడు సభ డబ్బు తెచ్చేది, ఇప్పుడు సభే డబ్బు తింటోంది. షామియానా, మైకు సెట్టు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి కారు, జ్ఞాపికలు, టీ బిస్కెట్లు. శాలువాల మాట చెప్పక్కర్లేదు. ఒకే శాలువా మూడు సన్మానాలు తిరిగి మళ్లీ అదే కార్యదర్శి బీరువాలోకి చేరడం సాహితీ లోకంలో అందరూ ఎరిగినదే, ఎవరూ అనుకోనిదే. వేదిక మీద పదిహేనుమంది, కింద పాతికమంది. వేదిక మీదున్నవాళ్లంతా ఆహ్వానితులు కాబట్టి వాళ్లని చందా అడగలేం. కిందున్నవాళ్లు వేదిక మీదివాళ్ల బంధువులు.

ఎనిమిది పైసలు

మీరు ఇంటిపన్ను కడితే ప్రతి రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. వెయ్యి రూపాయల పన్నుకి ఎనభై రూపాయలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు చేస్తాయి. జమ చేయడం దగ్గరే పేచీ. ఆ డబ్బు వీధిదీపాలకో జీతాలకో సర్దుకుపోతుంది, బకాయిలు కోట్లకు చేరాయని ఏటా వార్త వస్తుంది.

చట్టం తప్పని నేననను. సెస్సు లేకపోతే చాలా మండలాల్లో దినపత్రిక చదువుకునే చోటు కూడా మిగిలేది కాదు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు పొద్దున్నించి రాత్రి దాకా కూర్చునేది ఈ శాఖా గ్రంథాలయాల బల్లల మీదే. కానీ సెస్సు వచ్చాక ఒక అలవాటు పోయింది. గ్రంథాలయం మనది అన్న మాట పోయి సర్కారుది అన్న మాట వచ్చింది. పైకప్పు కారితే ఒకప్పుడు ఎవరింట్లో పెంకులున్నాయి అని వెతికేవారు, ఇప్పుడు అర్జీ రాస్తారు. సారస్వత నికేతనం లాంటి సొంత సంస్థలు ఈ రెంటి మధ్య పడ్డాయి. మీకేం, గ్రాంటు వస్తుందిగా అని ఊరు అనుకుంటుంది, ప్రైవేటు సంస్థ కదా అని సర్కారు అనుకుంటుంది.

దాతల కోసం శాశ్వత నిధి అనే పద్ధతి ఒకటి ఉంది. అసలు కదపరు, బ్యాంకులో వేసి వడ్డీతో నడుపుతారు. బాగానే ఉంటుంది, వడ్డీ రేట్లు బాగున్నంత కాలం. లక్ష రూపాయల మీద తొమ్మిది శాతం వచ్చిన రోజుల్లో ఏడాదికి తొమ్మిది వేలు. ఆరున్నర శాతానికి పడితే ఆరువేల అయిదు వందలు. ఈలోగా కరెంటు బిల్లు, ఊడ్చే మనిషి జీతం, దినపత్రికల ధర ఏవీ కిందికి రాలేదు. అసలు కదపకూడదన్న నియమం దాత గౌరవార్థం పెట్టుకున్నది. గౌరవం నిలిచింది, పాఠకుల గదిలో ఫ్యాను ఆగింది.

ఇంటి పేరు, లోపలి అట్ట

సారస్వత నికేతనానికి దేశవిదేశాల పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చేది కొత్త పుస్తకాల కోసం కాదు, పాత పత్రికల కోసం. తెలుగు దేశం గత శతాబ్దంలో రోజూ ఏమనుకుందో తెలియాలంటే ఆ సంపుటాలు తిప్పాలి. అందులో సంపాదకీయాల కన్నా నాకు ప్రకటనలు ముఖ్యం. ‘ఆంధ్రపత్రిక’, ‘భారతి’ నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు గారి డబ్బంతా అమృతాంజనం డబ్బాల్లోంచి వచ్చిందే. ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టిన కె.ఎన్. కేసరి గారిది ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరు, ఆయన లోధ్ర మందు ఆ పత్రికని మోసింది. తలనొప్పులూ ఆడవాళ్ల జబ్బులూ కలిసి తెలుగు సాహిత్యాన్ని పోషించాయంటే నవ్వొస్తుంది కానీ, ఆ పేజీలు చూస్తే నమ్మకం కుదురుతుంది.

అలాంటి సంపుటం ఒకటి తెరిచి చూడండి. పత్రికల కాగితం చెక్క గుజ్జుతో చేసింది, అందులోనే ఆమ్లం ఉంటుంది, దాన్ని అదే కాల్చుకుంటూ పోతుంది. అంచులు ముందు గోధుమరంగుకి తిరుగుతాయి. తర్వాత మడత ఉన్నచోట చీలిక. పేజీని మూల పట్టుకుని తిప్పితే మూల చేతిలోకి వస్తుంది, అందుకని కిందనుంచి అరచెయ్యి ఆనించి ఎత్తాలి. బల్ల మీద రాలిన పొడిని ఊదకూడదు, అందులో అక్షరాలు ఉంటాయి. సముద్రపు గాలి తేమ ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది. వేపాకు, నాఫ్తలీన్ ఉండలు పురుగుని ఆపగలవేమో కానీ ఆమ్లాన్ని ఆపలేవు. ఆమ్లం విరిచి, చిరిగిన పేజీకి పల్చటి జపాన్ కాగితం అతికించి, మళ్లీ కుట్టి, గుడ్డ బైండు వేయాలి. పేజీ పేజీకి చేయాల్సిన చేతిపని అది, నేర్చినవాళ్లూ తక్కువే.

స్కాన్ చేసి నెట్‌లో పెడితే సరిపోతుంది కదా అంటారు. పెట్టారు, మంచి పనే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యాన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఎవరి ఫోన్లోనైనా తెరుచుకుంటాయి. అయితే ఒక పేజీ వంకరగా, ఒక పేజీ వేలి ముద్రతో, ఒక పేజీ అసలే లేకుండా వచ్చిన స్కాన్లు చూసినవాళ్లెవరూ అసలు ప్రతిని తూకానికి వేయమనరు. మళ్లీ సరిగ్గా తీయాలంటే అది బతికి ఉండాలి.

ఈ పనికి చందా దొరకడమే కష్టం. పైగదికి దొరుకుతుంది, ముఖద్వారానికి దొరుకుతుంది, అమ్మానాన్నల జ్ఞాపకార్థం గ్రానైటు పలక అతికిస్తామంటే హాలుకి దొరుకుతుంది. జిగురుకి దొరకదు. బైండింగుకి ఇరవై వేలు కావాలంటే ఎక్కడ పేరు వేస్తారని అడుగుతారు. దాతని తప్పుపట్టి ప్రయోజనం లేదు. నాటకం మధ్యలో పేరు చదివించుకున్న రోజుల నుంచి మనకి తెలిసిందే, పేరు వినపడితేనే చెయ్యి లేస్తుంది.

విదేశాల్లో స్థిరపడిన పిల్లల చెయ్యి తేలిగ్గానే లేస్తుంది, అక్కడ చిక్కు వేరు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. అనుమతి ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. పల్లెటూరి గ్రంథాలయం కార్యదర్శికి, సాధారణంగా విశ్రాంత ఉపాధ్యాయుడికి, ఈ కాగితాలు భరించే ఓపిక ఎక్కడిది? అందుకే చాలామంది తమ్ముడి ఖాతాకి పంపి, తమ్ముడి పేరు మీద రసీదు రాయించుకుంటారు. అది దొడ్డిదారే, పట్టుబడితే నష్టపోయేది గ్రంథాలయం. ఇక్కడ ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి తోవ సుళువు. సంస్థకి 80జి గుర్తింపు ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి విరాళం మీద రాయితీ వస్తుంది. రెండు వేలకు మించి రొక్కంగా ఇస్తే మాత్రం ఆ రాయితీ రాదు, చెక్కో ఆన్‌లైనో కావాలి.

అమెరికాలో మనవాళ్లు ఉండే ఊళ్లలో గ్రంథాలయ మిత్రబృందాలు పాత పుస్తకాలు పెట్టి అమ్ముతాయి. డాలరుకి ఒకటి, ఆఖరి రోజు సంచీ నిండా కలిపి ఒక ధర. పిల్లల్ని తీసుకుని మన తెలుగు కుటుంబాలూ వెళ్తాయి. ఇక్కడ అలాంటిది పెట్టడానికి కార్యదర్శులు భయపడతారు, గ్రంథాలయం పుస్తకాలు అమ్ముకుంటున్నారన్న మాట పుట్టడానికి ఒక పూట చాలు. విరాళంగా వచ్చి పడే ఎంసెట్ గైడ్లూ, రెండో మూడో ప్రతులూ, పెళ్లి కానుకల భగవద్గీతలూ అలమరలు నింపుతుంటాయి. వాటిని రసీదు ఇచ్చి, లెక్క గోడకి అంటించి, వారోత్సవాల్లో అమ్మితే ఎవరికీ నష్టం లేదు.

నాకు ఇంకా నచ్చిన ఉపాయం సంపుటాల దత్తత. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ లాంటి పెద్ద సంస్థలే పుస్తకాన్ని దత్తత ఇచ్చి బాగుచేయించుకున్నాయి. ఇక్కడా అంతే. ఒక పత్రిక, ఒక ఏడాది, ఒక సంపుటం. దాత తన తండ్రి పుట్టిన ఏటి పత్రిక ఎంచుకోవచ్చు, తాతగారి పెళ్లి అయిన ఏడాదిది ఎంచుకోవచ్చు. బాగుచేసిన సంపుటం లోపలి అట్ట మీద ఇంటి పేరుతో సహా ఒక చీటీ. పెళ్లిళ్లలో చదివింపుల బల్ల పక్కన ఇలాంటి పుస్తకం ఒకటి తెరిచి పెట్టినా పెళ్లికొడుకు తరఫువాళ్లు కాదనరు, ఆడపెళ్లివారు రాస్తే వాళ్లూ రాస్తారు.

చీటీ అతికించే ముందు బైండరుని ఒక మాట అడగాలి. పాతకాలపు బైండర్లు మైదా ఉడికించేటప్పుడే చిటికెడు మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. ఈమధ్య తొందరపనివాళ్లు ఉత్త మైదా రాసేస్తున్నారు. అలా అతికిస్తే దాతగారి ఇంటి పేరుని అందరికన్నా ముందు రుచి చూసేది పుస్తకాల పురుగే.